నా పుటను వెదకి వచ్చువారు

మా నాయనగారు నాకు ఇంటియొద్దనే పోతనగారి భాగవతమును చెప్పిరి. ఆయన చెప్పిన అర్థములను వ్రాసికొన్న నోటుపుస్తకములు రెండింటిని, అత్తవారింటికి వచ్చునపుడు చీరెల మడతలలో పెట్టి తెచ్చుకొంటిని. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు మునిగినపుడు మా యింటను మోకాలిలోతు నీరు నిలిచినది. బీరువా క్రింది యరలో నున్న రెండవ పుస్తకము, దశమస్కంధము వ్రాసినది, తడిసి పుటలన్నియు అంటుకొనిపోయినవి. నాయనగారు ఇప్పుడు లేరు. మొదటిదానినైనను నీటికందని చోట నుంచవలెనని, ఆ యేటి విజయదశమినాడు ఒక వెబ్‌సైటును తెరచి, దినమునకొక పద్యము చొప్పున తాత్పర్యములను ఎక్కింపసాగితిని.

సైటు పేరునకును, చోటునకును ఏటేట అద్దె కట్టవలయును. మావారు బడిపంతులుగారు, ఆ రూకలు మా యింట లెక్కకు రాని రూకలు కావు. మూడుమాసములు గడచినను ఒక్కరు వచ్చిన జాడ లేదు. "చదివేవాళ్లు లేనప్పుడు వచ్చే ఏడు అద్దె దండుగ కదే?" అని ఆయన మెల్లగా అనిరి. ఈ కాలమున పద్యమెవరికి కావలెనని నాకును దిగులు కలిగినది.

అంతలో సంక్రాంతి సెలవులకు వచ్చిన మా ఆడబిడ్డ కుమార్తె, ఇంజనీరింగు చదువుచున్న పిల్ల, గూగులువారి సెర్చ్ కన్సోల్ అనుదానిని నాకు చూపినది. దానికి వెల లేదు. సైటు మనదేయని రుజువు చేయుటకు వారిచ్చిన చిన్న ఫైలును మన సైటులో నుంచవలెను; ఇంటివారెవరని యడుగగా తాళపుచెవి చూపుట వంటిది. ఆ పిల్ల నా పుట చిరునామాను అందులో నిచ్చి పరీక్షింపగా, "నోఇండెక్స్" అను గుర్తుండుటచే ఈ పుటను చేర్చుకొనలేదని జవాబు వచ్చినది.

"అత్తయ్యా, తలుపు నువ్వే వేసుకున్నావు!" అని నవ్వినది.

నిజమే. సైటు కట్టుచున్న దినములలో, ముగ్గు పూర్తికాకుండ ఎవరును త్రొక్కరాదన్నట్లు, సెర్చ్ ఇంజన్లు రావలదను గడిలో నేనే టిక్కు పెట్టి, పిదప తీయ మరచితిని. మూడుమాసములు లోకమును నిందించితిని గాని ఆ గడిని చూడనైతిని. టిక్కు తీసి, పుటల పట్టికయగు సైట్‌మ్యాపును సమర్పించితిమి. కొన్ని దినములకు నివేదికలో అంకెలు మొలవసాగినవి.

ముఖ్యముగా నాలుగంకెలు. వెదకువారి యెదుట మన పుట యెన్నిమారులు కనబడెనో అవి ఇంప్రెషన్లు. ఎన్నిమారులు నొక్కి లోనికి వచ్చిరో అవి క్లిక్కులు. కనబడిన నూటికి ఎన్ని నొక్కులో అది సీటీఆర్. సగటున ఎన్నవ స్థానమున కనబడెనో అది పొజిషన్. ఈ నాలుగవది నన్ను ఏడిపించినది. మొదట 47 ఉండి, 31 అయి, పిదప 14కు దిగినది. అంతయు తరిగిపోవుచున్నదని రెండుపూటలు అన్నము సయించలేదు. "అది మార్కు కాదే, ర్యాంకు" అని మావారు చెప్పువరకు, ఇన్నేండ్లు పంతులుగారి భార్యనై యుండియు నాకు తోచలేదు.

అంకెలకంటె విలువైనది ప్రశ్నల పట్టిక. జనులు ఏ మాటలతో వెదకిరో ఆ మాటలే అందు కనబడును. నేను ప్రతి పుటకును "తాత్పర్యము" అని శీర్షిక పెట్టితిని. వెదకువారిలో ఆ మాట వాడినవారే లేరు. "గజేంద్రమోక్షం పద్యం భావం" అని కొందరు తెలుగున, చాలమంది ఇంగ్లీషు అక్షరములతో అడుగుచున్నారు. బడిపిల్లలో, వారిని చదివించు తల్లులో అయియుందురు. మొదట నాకు రోషము వచ్చినది. నాయనగారి నోట విన్న మాటను విడిచి గైడుపుస్తకపు మాట పెట్టుకొందునా? కొన్నాళ్లు మార్చనేలేదు.

మా యూరి రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. 1914లో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఈ యూరనే జరిగినది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో ఈ డెల్టా కాలువపై పుస్తకముల పడవయే నడచినది. చదువరి యున్న రేవునకు పోయినందున ఆ పుస్తకములకు చిన్నతనమేమియు రాలేదు గదా! శీర్షికలో "భావం" అను మాటను, ఇంగ్లీషు అక్షరములలో పద్యపు మొదటి మాటలను చేర్చితిని. లోపలి తాత్పర్యమున అక్షరమైనను మార్చలేదు. ఆ నెల కనబడినవి 412, నొక్కినవి 9. రెండు నెలలకు నొక్కినవి 60 దాటినవి.

మీలో ఎవరైన ఇట్టి పని మొదలిడినచో నావలె గంటగంటకు చూడవలదు. లెక్కలు కొంత ఆలస్యముగనే వచ్చును. నేనిది పులుసు మాడ్చికొని నేర్చితిని. మన ఫోనులో మన పుటను మనమే వెదకి మురియుటయు కూడదు. వెదకువారి ఊరు, భాష, వెనుకటి వెదకులాటలను బట్టి ఫలితములు మారుచుండును. వేసవిలో బడులు మూయగానే నా క్లిక్కులు పడిపోయినవి. సైటు చెడినదేమోయని భయపడితిని; బడులు తెరచిన పిదప అవియే లేచినవి. పదునారు మాసముల లెక్క నిలువయుండును గనుక, ఈ నెలను పోయిన నెలతో గాక నిరుటి యీ నెలతో పోల్చుట మేలు.

మరియొకటి. బహుకొద్దిమంది అడిగిన ప్రశ్నలను, వారి గుట్టు బయటపడకుండ, పట్టికలో చూపరు. అందుచే పట్టికలోని క్లిక్కులను కూడినచో మొత్తమునకు సరిపోదు. ఆ కనబడనివారు ఏమని అడిగి నా పుటకు వచ్చిరోయని రాత్రులు తలపోయుచుందును.

ఈ యేటి అద్దెను మావారే కట్టివచ్చిరి. నన్ను అడుగనైన లేదు. నిన్న చూడగా "రుక్మిణీ కళ్యాణం భావం" అను ప్రశ్నకు నా సైటు 11 మారులు కనబడినది. గజేంద్రమోక్షపు పుటలో ఒకచోట ఆ కథ పేరు తలచితిని. అంతమాత్రమునకే 63వ స్థానమున చూపినారు. ఒక్కరును నొక్కలేదు. రుక్మిణీకళ్యాణము తడిసిన పుస్తకములోనిది. మధ్యాహ్నము పూట ఆ కాగితములకు ఆవిరిపట్టి, పలుచని చాకుతో ఒక్కొక్కటిగా విడదీయుచున్నాను. ఇంతవరకు నాలుగు పుటలు చదువ వీలైనవి.