13కి 13 గెలిచారు... అయినా ఏప్రిలే కదా!

2023 ఏప్రిల్ 13. ఆఫీసులో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని స్కోరు చూస్తున్నా. టాంపా బే రేస్ 9, బోస్టన్ రెడ్‌సాక్స్ 3. అయిపోయింది! సీజన్‌లో ఆడినవి 13 మ్యాచ్‌లు, గెలిచినవి 13. అమెరికా బేస్‌బాల్‌లో 1900 తర్వాత ఇలా మొదలుపెట్టిన టీమ్‌లు అప్పటిదాకా రెండే. 1982లో అట్లాంటా బ్రేవ్స్, 1987లో మిల్వాకీ బ్రూవర్స్. ఇప్పుడు మావాళ్లు!

వెంటనే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టా. ఖమ్మం నుంచి ఫ్రెండ్ మెసేజ్: "అది మన చిర్రగోనె లాంటిదేనా మామా?"

నవ్వొచ్చింది కానీ, ఏడాది కింద నాదీ అదే తెలివి. ఎమ్మెస్ చేయడానికి టాంపా వచ్చా. 2022 డిసెంబర్‌లో చదువు పూర్తయింది, జనవరిలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. రేస్ టీమ్ పుట్టిన 1998 నుంచీ దానికి ఫ్యాన్. "ఒక్కసారి వచ్చి చూడు, నచ్చకపోతే మళ్లీ అడగను" అని తీసుకెళ్లాడు.

బ్రిడ్జి దాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళితే ట్రోపికానా ఫీల్డ్. ఒక పక్కకి ఒరిగినట్టుండే డోమ్. లోపల ఒక తొట్టిలో నిజం రే చేపలు ఈదుతుండేవి. టీమ్ గెలిస్తే పైకప్పు మీద నారింజ రంగు లైట్లు వెలిగేవి. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం గంటలు. ఫ్యాన్స్ ఆవుల మెడలో కట్టే గంటలు తెచ్చుకుని మోగిస్తారు. కళ్లు మూసుకుంటే సాయంత్రం మా ఊళ్లోకి మంద తిరిగొస్తున్నట్టే ఉంటుంది. ఇంటి మీద బెంగతో ఉన్నోడికి ఇంకేం కావాలి?

ఏప్రిల్ 10 మ్యాచ్‌కి నేనూ ఉన్నా. అంతకుముందు తొమ్మిది మ్యాచ్‌లూ నాలుగు, అంతకంటే ఎక్కువ పరుగుల తేడాతో గెలిచేశారు. ఆ రోజు మాత్రం ఏడు ఇన్నింగ్స్ అయినా 0-0. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రాండన్ లౌ హోమ్ రన్ కొట్టాడు. 1-0తో గెలుపు. గంటల మోతకు చెవులు చిల్లులు పడ్డాయి. నేను ఎగిరి గంతేశా. పెద్దాయన మాత్రం ఒళ్లో ఉన్న పుస్తకంలో పెన్సిల్‌తో స్కోరు రాసుకుని, "ఇంకా ఏప్రిలే కదా" అన్నాడు.

ఆయన మాట అప్పుడు అర్థం కాలేదు. తర్వాత లెక్క వేశా. ఒక్కో టీమ్ సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ మ్యాచే. ఐపీఎల్‌లో లీగ్ మ్యాచ్‌లు 14. ఆ లెక్కన 162లో 13 అంటే ఐపీఎల్‌లో ఒక మ్యాచ్ కంటే కాస్త ఎక్కువ! ఒక్క మ్యాచ్ గెలిచి కప్పు మనదే అని ఊగిపోయే ఫ్యాన్‌ని చూస్తే మనం ఏమంటాం? నేను అప్పుడు సరిగ్గా ఆ ఫ్యాన్‌ని.

ఇంకో సంగతి కూడా పట్టించుకోలేదు. ఆ 13వ మ్యాచ్‌లోనే జెఫ్రీ స్ప్రింగ్స్ అనే పిచర్ చేతి నొప్పితో మధ్యలోనే వెళ్లిపోయాడు. మేమంతా రికార్డు సంబరంలో ఉన్నాం. కొద్ది రోజులకే అతనికి మోచేతి ఆపరేషన్, సీజన్ అక్కడితో సరి. మే నెలలో డ్రూ రాస్ముసెన్, ఆగస్టులో షేన్ మెక్లనహన్ కూడా చేతి గాయాలతోనే సీజన్‌కి దూరమయ్యారు. గెలుస్తున్నప్పుడు ఎక్కడ బీటలు వారుతోందో కనిపించదు.

నా సంగతీ అంతే. మొదటి మూడు నెలలు ఆఫీసులో నాకు మెచ్చుకోళ్లే. ఇంక సెటిలైపోయాననుకున్నా. నాన్నకి ఫోన్ చేసి "చదువు అప్పు రెండేళ్లలో తీర్చేస్తా" అన్నా.

నాన్న మిర్చి రైతు. 2021లో మా తోట ఊరంతా వచ్చి చూసేలా ఉండేది. పూత మీద నల్ల తామర పురుగు పడింది. ఒక్క కోతతోనే తోట అయిపోయింది. ఆయన నా మాట విని కాసేపు ఆగి, "మొదటి కోత చూసి అప్పు తీరిందనుకుంటారారా?" అన్నాడు. అమ్మ వెనక నుంచి "వాడికి దిష్టి తీసేటోళ్లు కూడా లేరక్కడ" అంటోంది.

14వ మ్యాచ్ టొరంటోలో. 6-3తో ఓడిపోయాం. జూన్‌లో నా ఉద్యోగం పోయింది.

చదువు అయ్యాక వచ్చే ఓపీటీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండొచ్చు. ఆ తర్వాత పెట్టె సర్దుకోవాల్సిందే. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున లెక్క: 12, 13, 14... రాత్రి రేస్ మ్యాచ్. జులైలో వాళ్లూ వరసగా ఓడిపోయారు. సీజన్ మొదటినుంచీ తమ డివిజన్‌లో పైన ఉన్నవాళ్లని బాల్టిమోర్ ఒరియోల్స్ దాటేసింది. ఆ రోజు ఫోన్ మంచం మీదకి విసిరేశా. టీమ్ మీద కోపమో, నా మీదో తెలియదు.

58వ రోజు పెద్దాయన ఫోన్ చేశాడు. తనకి తెలిసిన ఒక కంపెనీలో నా పేరు చెప్పాడట. "ఆ మూడు నెలలు నీ పని నేను చూశాను కదా" అన్నాడు. 71వ రోజు ఆఫర్ లెటర్ వచ్చింది. అప్పుడే ఇంట్లో జరిగిందంతా చెప్పా. అమ్మ ఏడ్చింది. నాన్న "అప్పుడే చెప్తే ఏం పోయేదిరా" అని మాత్రం అన్నాడు.

రేస్ చివరికి 99 గెలిచి, 63 ఓడి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. అక్టోబర్ 3, మంగళవారం మధ్యాహ్నం, టెక్సస్ రేంజర్స్‌తో మ్యాచ్. వచ్చిన జనం 19,704. కోవిడ్ ఏడాది వదిలేస్తే ప్లేఆఫ్స్‌లో 1919 తర్వాత ఇంత తక్కువ మంది ఎప్పుడూ రాలేదు. ఫీల్డింగ్‌లో నాలుగు తప్పులు చేసి 4-0తో ఓడారు. మర్నాడు 7-1. రెండు రోజుల్లో ఇంటికి. ఆ రేంజర్స్ వెళ్లి కప్పే కొట్టేశారు. 1982 బ్రేవ్స్‌కీ కప్పు రాలేదు. 1987 బ్రూవర్స్ అయితే ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు.

మరి ఆ 13 గెలుపులు దేనికి పనికొచ్చినట్టు? ఈ ప్రశ్న చాన్నాళ్లు వేధించింది. మిగతా 149లో మావాళ్లు గెలిచింది 86. ఆ 99లో మొదటి 13 కూడా ఉన్నాయి. జులైలో అంతలా ఓడినా వాటిని ఎవరూ తీసెయ్యలేదు. మంచి ఆరంభం కప్పుకి హామీ కాదు. కష్టకాలంలో అక్కరకొచ్చే దాచిన సొమ్ము, అంతే. నాకు ఆ పెద్దాయన ఫోన్ కాల్ అలా వచ్చిందే.

ఇప్పటికీ ఏప్రిల్ వస్తే స్కోర్లు చూస్తా. ఈమధ్య నాన్న కూడా అడుగుతున్నాడు.

"మీవాళ్లు ఎట్లా ఆడుతున్నరురా?"

"ఇంకా మొదటి కోతే నాన్నా."