నవ్వేవాళ్ళు లేకపోతే?

"పిల్లలన్నాక ఏడిపించుకోరా ఏంటి?" ఈ మాట మనవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నిజమే, పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటారు. కానీ ఆ "ఒకళ్ళనొకళ్ళు" అన్నదే ముఖ్యం. కాలు సరిగ్గా లేని పిల్లాణ్ణి "కుంటోడా" అని పదిమంది పిలిస్తే, వాడు తిరిగి ఏమనగలడు? దాన్ని ఆటపట్టించడం అనరు, హింస అంటారు.

ఇలాంటివి జరిగినప్పుడు మన దృష్టంతా ఇద్దరి మీదే ఉంటుంది - ఏడిపించినవాడు, ఏడ్చినవాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళని లెక్కలోకే తీసుకోం. నా మటుకు నాకు అసలు సంగతంతా వాళ్ళ దగ్గరే ఉందనిపిస్తుంది.

కెనడాలో బడిపిల్లలకి మైకులు తగిలించి, ఆటస్థలంలో వాళ్ళని వీడియో తీసి హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ అనే ముగ్గురు చేసిన పరిశీలన 2001లో అచ్చయింది. వైకల్యం ఉన్న పిల్లల గురించే కాదు, మొత్తంగా బడుల్లో జరిగే వేధింపుల గురించి. వేధింపు జరిగినప్పుడు 88 శాతం సార్లు పక్కన వేరే పిల్లలున్నారు. కల్పించుకున్నది మాత్రం 19 శాతం సార్లే. అలా కల్పించుకున్నప్పుడు 57 శాతం సార్లు పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. పది సెకన్లు! పొద్దున్నే నా ఆఫీసు కంప్యూటర్లో లాగిన్ అవడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

కెనడాదాకా ఎందుకు, ఆమధ్య మా అపార్ట్‌మెంట్లోనే చూశాను. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న చిన్నపిల్లాడొకడున్నాడు. దాని బయటి భాగం అయస్కాంతంతో తలకి అతుక్కుని ఉంటుంది. లాగితే ఊడొస్తుంది, ఊడితే వాడికి వినపడదు. ఇద్దరు పిల్లలు దాన్ని లాగేసి ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి విసురుకుంటున్నారు. మిగతావాళ్ళు ఒకటే నవ్వు. బెంచీ మీద పెద్దమనుషులు ఫోన్లలోంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నారు. నేను లేచి వెళ్ళేలోపే ఒక అమ్మాయి, "ఒరే, వాడి మిషన్ వాడికిచ్చెయ్యండ్రా, ఆట లేటవుతోంది" అంది. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. నవ్వులు ఆగిపోయాయి, మిషన్ వెనక్కొచ్చింది.

"చూశారా, వాళ్ళే సర్దుకున్నారు" అన్నాడొక పెద్దాయన. వాళ్ళు సర్దుకోలేదండీ, ఒక పిల్ల సర్దింది!

చట్టం లేదా అంటే ఉంది. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష, జరిమానా అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ చెబుతోంది. కానీ పిల్లల ఆటస్థలానికి పోలీసుల్ని పిలుస్తామా? పక్కన నిలబడి నవ్వేవాడి మీద ఏ కేసు పెడతాం?

మా ఫీల్డులో ఒక జబ్బుంది. అందరికీ కనబడే బగ్‌ని ఎవరూ రిపోర్ట్ చెయ్యరు. "ఈపాటికి ఎవరో చేసే ఉంటార్లే" అనుకుంటారు. ఇదీ అంతే.

బడి నుంచి వచ్చిన పిల్లల్ని "నిన్నెవరైనా కొట్టారా?" అని అడుగుతాం. "ఎవర్నైనా ఏడిపిస్తుంటే చూశావా? అప్పుడు నువ్వేం చేశావ్?" అని కూడా అడిగి చూడండి. అడిగే ముందు, సినిమాలో నత్తి కామెడీ చూసి వాళ్ళ ముందే మనం పగలబడి నవ్వడం మానేస్తే మంచిది. దేనికి నవ్వాలో వాళ్ళు నేర్చుకునేది మన దగ్గరే కదా.