మైదానం వైపు వీపు పెట్టి

స్టేడియంలో నా కొలువుకి మొదటి నియమం, ఆట చూడకూడదు. 2006లో స్టుట్‌గార్ట్‌లో ఎం.ఎస్. చదువుతూ, ఖర్చుల కోసం గాట్లీబ్ డైమ్లర్ స్టేడియంలో స్టీవార్డుగా చేరాను. పసుపు జాకెట్ వేసుకుని, అప్పట్లో గ్యాలరీకీ గడ్డికీ మధ్య ఉండే రన్నింగ్ ట్రాక్ మీద, మైదానం వైపు వీపు పెట్టి తొంభై నిమిషాలు నిలబడాలి. ఎవరు కంచె దూకుతారో, ఎవరు టపాసు వెలిగిస్తారో కనిపెట్టాలి. అందుకే స్టుట్‌గార్ట్ ఫుట్‌బాల్ జట్టులో ఆడే పావెల్ పార్దో ఆటని నేను ముందుగా జనం ముఖాల్లోనే చూశాను.

మెక్సికోలో క్లబ్ అమెరికా వదిలి ఆ వేసవిలోనే వచ్చాడు. వయసు ముప్పై. యూరప్ క్లబ్‌లో తొలిసారి ఆడటానికి ఆలస్యమే. తోడుగా మరో మెక్సికన్, డిఫెండర్ రికార్డో ఒసోరియో. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే సొంతగడ్డ మీద న్యూరెంబర్గ్ చేతిలో 0-3. ఆ రోజు నా ఎదుట ఒక్క ముఖంలోనూ నమ్మకం లేదు.

గోల్ కొట్టేవాడికి పేరు సులువుగా వస్తుంది. పార్దోది డిఫెండర్ల ముందు కాపు కాసే పని. ఎదుటివాళ్ల పాస్‌ని దారిలోనే పట్టి, ఒకటి రెండు టచ్‌లలో తనవాడికి అందించేవాడు. బంతి అతని కాలికి చేరితే గ్యాలరీ అరవదు, కుదుటపడుతుంది. బిగుసుకున్న భుజాలు దిగుతాయి. చలికాలం నాటికి, వెనక్కి తిరగకుండానే బంతి అతని దగ్గరుందని చెప్పగలిగేవాణ్ని. అతను కార్నర్ జెండా వైపు నడిస్తే మాత్రం అందరూ మునివేళ్ల మీద లేచేవారు.

2007 మే 19న కాట్‌బుస్‌తో ఆఖరి మ్యాచ్. వరసగా ఏడు గెలిచి, షాల్కే కన్నా రెండు పాయింట్లు ముందున్నాం. మొదటి గోల్ కాట్‌బుస్‌దే. ఇరవయ్యేడో నిమిషంలో వేల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. మరుక్షణం కంచె అవతల ఓ ముసలాయన పక్కనున్న పరాయివాణ్ని కావలించుకుని ఏడ్చేశాడు. ఏం జరిగిందో రాత్రి టీవీలో చూశాను. పార్దో కార్నర్ గుంపులోకి కాకుండా, పెనాల్టీ బాక్స్ అంచున ఒంటరిగా ఉన్న హిట్జెల్స్‌పెర్గర్‌కి వేశాడు. అతను బంతిని నేల తాకనివ్వకుండా బాదాడు. తర్వాత ఖెదీరా తలతో రెండోది కొట్టాడు. 1992 తర్వాత స్టుట్‌గార్ట్ మళ్లీ జర్మనీ చాంపియన్. మా మొదటి గోల్‌లో సగం పార్దోదే అని ఇప్పటికీ వాదిస్తాను.

వారం తర్వాత జర్మన్ కప్ ఫైనల్‌లో అతని పెనాల్టీతో స్కోరు 2-2 అయినా, అదనపు సమయంలో న్యూరెంబర్గే గెలిచింది. 1998, 2006 ప్రపంచ కప్‌లు, దేశం తరఫున 140కి పైగా మ్యాచ్‌లు ఆడిన మనిషి, స్టుట్‌గార్ట్‌లో ఉన్నది రెండున్నరేళ్లే. 2009 మొదట్లో మళ్లీ క్లబ్ అమెరికాకి వెళ్లిపోయాడు. చివరికి చికాగోలో ఆట ముగించాడు.

అతను వెళ్లకముందే, 2008లో నా చదువు అయిపోయింది. మొదటి జీతంతో టికెట్ కొని, అదే కంచె వెనక, ఈసారి మైదానం వైపు తిరిగి నిలబడ్డాను. ఆ రోజు పార్దో ఆడాడు.