ప్రభువుగారి వాద్యం

వియన్నాలో ఉద్యోగం చేస్తున్న మావాడు ‘ఆదివారం ఎక్కడికెళ్దాం నాన్నా?’ అనగానే ఐజెన్‌స్టాట్ అన్నాను. రైల్లో సుమారు గంట. హైడన్ కొలువు చేసిన ఎస్తర్‌హాజీ ప్యాలెస్ ఉందక్కడ. ఆయన పేరే పెట్టిన హాలు పైకప్పు నిండా బొమ్మలే, మెడ నొప్పెట్టేదాకా చూశాం.

నేనొచ్చింది మాత్రం వేరే పని మీద. ప్రభువు నికొలౌస్‌కి బారిటన్ అంటే పిచ్చి. ముందు పేగు తీగల మీద కమాను నడుస్తుంటే, మెడ వెనకున్న లోహపు తీగలు వాటంతటవే పలుకుతాయి, మన సారంగిలో లాగే. పైగా వాటిని ఎడమ బొటనవేలితో మీటొచ్చు కూడా! ఆ వాద్యానికి ఇంకా రాయమని 1765లో హైడన్‌కి అక్షింతలు పడ్డాయి. పాపం, వయోలా, చెల్లో కలిపి 120కి పైగా త్రయాలు రాశాడు. తర్వాత ప్రభువుకి మోజు తీరింది, బారిటన్ మూలపడింది. ఎస్తర్‌హాజీ ఎన్‌సెంబుల్ వాళ్లు ఆ త్రయాలను మళ్లీ బారిటన్ మీదే రికార్డు చేశారు. 21 సీడీలు!

ప్యాలెస్ వెనక పార్కులో బెంచీ మీద కూర్చుని, చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం.

‘ఆ గరగరేంటి? రికార్డింగ్ బాలేదా?’

‘కాదురా, పేగు తీగ మీద కమాను రాపిడి.’

ఎంసెట్ కోసం వాడి వయొలిన్ మాన్పించింది నేనే. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. మీటు వినపడగానే వాడు వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి.

‘బొటనవేలు ఎలా అందుతుంది నాన్నా?’

తిరుగు రైలు తప్పిపోయింది. స్టేషన్లో ఇంకో త్రయం వాడే పెట్టాడు.