చిల్లా దించిన కమాన్

చెక్క కమాన్‌కి చిల్లా ఎక్కించి ఎంతసేపు ఉంచొచ్చు? ఈ సవాల్ మా ఇంట్లోకి మా చిన్నోడి వల్ల వచ్చింది. వాడు విజయవాడలో తీరందాజీ నేర్చుకుంటున్నాడు. ఇండియన్ రౌండ్ అని మన దేశంలో ఒక పోటీ ఉంది. అందులో వాడేది వెదురు విల్లు. వాడి చేతిలో ఉన్నదీ అదే. మైదానం నుంచి ఇంటికొచ్చి, చిల్లా ఇంకా దించకుండా ఉంటే ముందు ఆ పని చూస్తాడు. "ఖానా చల్లారిపోతుందిరా" అన్నా వినడు.

జవాబు సీదాగానే ఉంది. బాణాలు వేస్తున్నంతసేపు ఉంచొచ్చు, అయిపోగానే దించెయ్యాలి. రెండు మూడు గంటల మష్క్‌కి ఏమీ కాదు. మధ్యలో జొహర్ నమాజుకో, ఖానాకో ఎక్కువసేపు ఆగితే దించడం మంచిది. బాగా ఆరిన లకడీతో చేసిన మంచి విల్లు ఎప్పుడైనా ఒక రోజు పగలంతా ఎక్కి ఉన్నా విరిగిపోదు. రాత్రంతా మాత్రం ఉంచకూడదు. ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు. వానాకాలం తేమలో ఇంకా జాగ్రత్త. దించాక మూలకి నిలబెట్టకుండా, పడుకోబెట్టాలి, లేదా మేకులకి అడ్డంగా పెట్టాలి.

ఎందుకంటే, చిల్లా ఎక్కిన విల్లు ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీగా లేదు. మనవైపు ముఖంలో లకడీ నొక్కుకుపోతూ ఉంటుంది, అవతలి ముఖం సాగుతూ ఉంటుంది. బాణం వెయ్యకపోయినా ఆ బోఝ్ దాని మీద ఉన్నట్టే. చాలాసేపు అలాగే ఉంచితే లోపలి పోగులు నలిగి, దించినా విల్లు పూర్తిగా సీదా అవ్వదు. కాస్త వంపు మిగిలిపోతుంది. ఒక అంగుళం వంపు మామూలే అంటారు. అంతకంతకూ పెరిగితే బాణంలో జోరు తగ్గిపోతుంది. విల్లు విరగదు, చప్పుడూ చెయ్యదు. తాఖత్ మాత్రం పోతుంది.

అన్ని విల్లులూ ఒకటి కాదు. తుర్కులు, మొఘలులు వాడిన కమాన్‌లలో లోపలివైపు కొమ్ము, బయటివైపు జంతువుల నరాలు, మధ్యలో చెక్క ఉండేవి. నొక్కుడుని కొమ్ము చెక్కకన్నా ఎంతో బాగా భరిస్తుంది. అందుకే అవి ఎక్కువసేపు ఎక్కి ఉన్నా తట్టుకునేవి. దించితే ఎదురువైపుకి నెలవంకలా తిరిగిపోయేవి. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లు ఇంకో రకం, దానికి చక్రాలుంటాయి, తాడు ఎప్పుడూ ఎక్కే ఉంటుంది. చెక్కకి ఆ హిమ్మత్ లేదు. అది చెక్క తప్పు కాదు.

ఉర్దూలో వింటినారిని చిల్లా అంటారు. నలభై రోజుల్ని కూడా చిల్లా అనే అంటాం. జమాత్‌లో వెళ్లేవాళ్లది చిల్లా. పురుడైన ఆడమనిషి నలభై రోజులూ చిల్లానే. ఒకే లఫ్జ్‌లో బిగించే తాడూ ఉంది, పని దించి పక్కన కూర్చోబెట్టే నలభై రోజులూ ఉన్నాయి. నా మనసు అక్కడ ఆగింది.

ఎందుకంటే మా ఇంట్లో దించని కమాన్ ఒకటి ఉంది, అది నేనే. అమ్మీకి ఫాలిజ్ వచ్చి మూడేళ్లు. ఎడమవైపు పడిపోయింది. ఫజర్‌కి ముందు పక్క తిప్పడం, వజూ చేయించడం, గంజి తాగించడం, రాత్రి మూడుసార్లు లేవడం. భాయీజాన్ హైదరాబాద్‌లో, తమ్ముడు షార్జాలో. ఇద్దరూ డబ్బు పంపుతారు, రోజూ ఫోన్ చేస్తారు, దువా చేస్తారు. చుట్టాలు వచ్చి "జన్నత్ నీ ఇంట్లోనే ఉంది, నసీబ్‌దార్‌వి" అంటారు. నిజమే. ఖిద్మత్‌లో బర్కత్ ఉందని నాకూ యకీన్ ఉంది. కానీ "నువ్వు లోహంలాంటిదానివి" అంటారు చూడండి, అక్కడే గడబిడ. నేను లకడీని.

హెరోడోటస్ అనే గ్రీకు రచయిత రాశాడు: ఈజిప్టు రాజు అమాసిస్ పొద్దున పని చూసుకుని, తర్వాత దోస్తులతో నవ్వుతూ తాగుతూ గడిపేవాడట. ఇది రాజుకి తగునా అని అడిగితే, విల్లుని అవసరమైనప్పుడు ఎక్కించి తర్వాత దించాలి, లేకపోతే విరిగి అవసరానికి పనికిరాదు, మనిషీ అంతే అన్నాడట. తాగుడు మనకొద్దు, మాట మంచిది. మన దగ్గరా ఉంది. హజ్రత్ అబూ దర్దా రజి. పగలు రోజా, రాత్రి నమాజులో మునిగిపోతే, హజ్రత్ సల్మాన్ ఫార్సీ రజి. ఆయన్ని ఆపి, రబ్‌కి నీ మీద హక్ ఉంది, నీ శరీరానికీ ఉంది, నీ ఇంటివాళ్లకీ ఉంది, ఎవరి హక్ వాళ్లకివ్వు అన్నారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం విని, సల్మాన్ నిజం చెప్పాడన్నారు. ఇబాదత్‌కే ఈ హద్దు ఉంటే, ఖిద్మత్‌కి ఉండదా?

పోయిన రంజాన్ అయ్యాక భాయీజాన్‌కి ఫోన్ చేసి, "నాకు ఒక చిల్లా కావాలి" అన్నాను. జమాత్‌కి అనుకున్నాడు పాపం. కాదు, నలభై రోజులు నువ్వు, భాబీ వచ్చి అమ్మీ దగ్గరుండండి అన్నాను. కాసేపు ఖామోష్. తర్వాత తారీఖు అడిగాడు. వచ్చారు. నేను గుంటూరులో మా కూతురింటికి వెళ్తుంటే అమ్మీ వంకర నోటితోనే "జా బేటీ, జీభర్కే సో కో ఆ" అంది. గేటు దగ్గర ఏడ్చాను.

మూడేళ్ల వంపు నలభై రోజుల్లో పోలేదు. విల్లుకీ అంతే, దించితే కొంత తిరిగొస్తుంది, కొంత ఉండిపోతుంది. కానీ రాత్రంతా పడుకున్నాను. ఫజర్ నమాజులో మనసు పెట్టగలిగాను. భాయీజాన్‌కి అమ్మీ రాత్రి ఎన్నిసార్లు పిలుస్తుందో తెలిసింది. ఇప్పుడు ఏడాదికి ఒక చిల్లా ఆయనది, తమ్ముడి సెలవు నెల వాడిది, నెలకి ఒక జుమా నాది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉంటారు. పెద్ద కోడలో, పెళ్లికాని ఆపానో, అబ్బాని చూసుకునే తమ్ముడో. "ఏమైనా కావాలంటే చెప్పు" అనకండి. వాళ్లు చెప్పరు. తారీఖు చెప్పండి, ఆ తారీఖున వెళ్లండి.