కంపాస్ బాక్సులో 11 నీలం గోలీలు

దసరా సెలవులకి ఎల్లారెడ్డి వెళ్ళాను. మా అక్కావాళ్ళది ఆ పక్కనే పల్లె. మేనకోడలు తొమ్మిదో తరగతి, సర్కారు బడి. లెక్కలు చెబుదామని కూర్చుంటే రెండు లెక్కలకే తల పట్టుకుని గోడకి చేరగిలబడింది. వృత్తం గీద్దామని దాని కంపాస్ బాక్సు తెరిచాను. కాగితంలో చుట్టి దాచిన నీలం మాత్రలు. లెక్కపెడితే 11.

"ఏంది బిడ్డా ఇవి?"

"బళ్ళె ఇచ్చే రక్తం గోలీలు మామా. మింగితే కడుపుల తిప్పుతది."

పండగ మర్నాడు తాడ్వాయి మీదుగా బస్సులో కామారెడ్డి తీసుకెళ్ళా. పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 అని తేలింది. ఈ వయసు ఆడపిల్లకి కనీసం 12 ఉండాలి. నేను నెలనెలా డబ్బులు పంపుతా, పోయినేడు ఫోను కూడా కొనిచ్చా. పొద్దున ఏం తింటున్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే అయితే ఇక్కడ రాయకపోదును. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో దాదాపు 65 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. (వేలి నుంచి తీసిన చుక్కతో కొలిచే పద్ధతి మీద నిపుణులకి అభ్యంతరాలున్నాయి. సరే, కొంత తగ్గించుకుందాం. అయినా చిన్న అంకె కాదు.) దీనికోసమే 2013 ప్రాంతం నుంచి బళ్ళలో వారానికో ఐరన్ మాత్ర ఇస్తున్నారు. చిన్నపిల్లలకి గులాబీ రంగు, వీళ్ళకి నీలం, గర్భిణులకి ఎరుపు. రంగులు ఎంచినవాళ్ళెవరో గానీ బుర్ర ఉన్నవాళ్ళే. పథకంలో నాకు తప్పేమీ కనబడలేదు.

మరి బగ్ ఎక్కడుంది? సెలవులయ్యాక బడికి వెళ్ళి టీచరుని అడిగా. పాపం, దాచకుండా చెప్పారు. "ప్రార్థన కాంగనే ఇస్తం సార్. హాజరుతోని పాటే అయిపోతది. అన్నం తిన్నంక పిల్లలు ఒక్కకాడ ఉండరు." రిజిస్టరు చూపించారు. ప్రతి వారం, ప్రతి పేరు ఎదురుగా టిక్కు. మా పిల్ల పేరుకి కూడా!

మా ఆఫీసులో ఇలాంటివి రోజూ చూస్తుంటా. కస్టమర్ సమస్య తీరిందో లేదో ఎవడూ చూడడు, టికెట్ క్లోజ్ అయితే చాలు. ఇక్కడా అంతే. లెక్కేసేది చేతిలో పెట్టిన మాత్రల్ని, కడుపులోకి పోయినవాటిని కాదు. ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే చాలామందికి వికారం వస్తుంది, అందుకే భోజనం తర్వాత ఇవ్వమంటారు. విరోచనం నల్లగా అవుతుందనీ, అందులో భయం లేదనీ కూడా ముందే చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే పద్నాలుగేళ్ళ పిల్ల ఏమనుకుంటుంది? మా పిల్ల తనకేదో రోగమొచ్చిందనుకుంది. సిగ్గుపడి తల్లికి కూడా చెప్పలేదు.

అయితే తప్పంతా బడి మీద తోసేస్తే అన్యాయం. మా అక్క బీడీలు చుడుతుంది. తెల్లారకముందే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, తునికాకు, తంబాకు ముందేసుకుని. కార్ఖానాలో లెక్క అప్పజెప్పాక గానీ పొయ్యి వెలగదు. అందుకని పిల్లకి పొద్దుగాల చాయ్, రెండు బిస్కెట్లు. ఆ చాయ్ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అంటే మా పిల్ల బుద్ధిగా మింగినా సగం వృథాయే. మళ్ళీ తిండి మధ్యాహ్నం బడిలోనే.

ఆ మధ్యాహ్నం భోజనమైనా ఊరికే రాలేదు. 1995 ప్రాంతంలో పథకం పెట్టినప్పుడు చాలాచోట్ల నెలకి మూడు కిలోల ధాన్యం ఇంటికిచ్చేవారు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో వండిపెట్టమంటే మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. తమిళనాడువాళ్ళు 2022 సెప్టెంబరులో పొద్దుటి టిఫిను కూడా మొదలుపెట్టారు. మన దగ్గర 2023 అక్టోబరులో ప్రారంభించారు గానీ అప్పట్లో అన్ని బళ్ళకీ చేరలేదు. నన్నడిగితే నీలం గోలీ కన్నా ముందు రావాల్సింది ఆ టిఫినే.

డాక్టరమ్మ మా పిల్లకి మూడు నెలలు రోజూ మాత్రలు రాసిచ్చింది. తిన్నాకే వేసుకోవాలి, గంట అటూ ఇటూ చాయ్ తాగొద్దంది. అక్క ఇప్పుడు రాత్రే నాలుగు రొట్టెలు ఎక్కువ చేసి, పొద్దున పుంటికూరతో పెడుతోందట. బీడీల లెక్క తగ్గిందా అని ఫోన్లో అడిగితే, "ఎట్ల తగ్గుతది తమ్మీ, ఇంక జల్ది లేస్తున్న" అంది.

బడిలో గోలీలు అన్నం తర్వాత ఇమ్మని టీచరుని అడిగి వచ్చా. "చూద్దాం సార్" అన్నారు. మొన్న గురువారం మేనకోడలికి ఫోన్ చేసి అడిగా. ఇంకా ప్రార్థనలోనే ఇస్తున్నారట.