మంగుకి మెడికల్ షాపు ట్యూబు

మిరప కోతలకొచ్చే ఆడవాళ్ళ మొహాలు గమనించారా మిత్రులారా? చాలామందికి బుగ్గల మీద, ముక్కు మీద గోధుమరంగు మచ్చలుంటాయి. మనం మంగు అంటాం, డాక్టర్లు మెలాస్మా అంటారు. ఎండ, కాన్పులప్పుడు ఒంట్లో వచ్చే మార్పులు, కొంత వంశం నుంచి వచ్చేది, ఇవీ కారణాలు.

మా ఊళ్ళో దీనికి వైద్యం అంటే మెడికల్ షాపులో ఓ ట్యూబు. చీటీ అడగరు. మా తమ్ముడి భార్య వాడింది. కొద్దిరోజుల్లోనే మొహం తెల్లగా, నున్నగా అయింది. ఏం రాశావమ్మా అని వీధంతా అడిగి వాళ్ళూ కొన్నారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి మరదలికి రాయకపోతే మంట, ఎండలోకెళితే మొహం కందిపోవడం, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, గడ్డం మీద వెంట్రుకలు. పిల్ల ఏడ్చింది.

గుంటూరులో చర్మం డాక్టరు గారు ట్యూబు తిప్పి చూపించారు. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ 0.1 శాతం. మూడోది స్టెరాయిడ్. డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు వాడి ఆపాల్సిన మందు అది. స్నో లాగా నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. అట్లాగని ఒక్కసారే ఆపినా ఇంకా రేగుతుందట, అందుకే డాక్టరు చెప్పినట్టే మానాలి.

బయో మందు అని డబ్బా మీద రాసి లోపల కెమికల్ కలిపితే తోట రెండ్రోజులు నిగనిగలాడటం మనకి తెలిసిందే. అక్కడ దాచి కలుపుతారు, ఇక్కడ ట్యూబు వెనకే రాసుంటుంది, చదివేవాడే లేడు. 2018లోనే కేంద్రం స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి మా షాపులో పిప్పరమెంట్లతో పాటు గల్లా మీదే ఉంటున్నాయి!

మంగుకి ముందు చేయాల్సింది ఎండ తగలకుండా చూసుకోవడం అన్నారు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు మూడు గంటలకోసారి రాయాలట. కూలికెళ్ళే మనిషికి అది అయ్యే పనేనా? చెమటకే కారిపోతుంది, ట్యూబు ధర చూస్తే కూలి డబ్బులు దానికే సరి. అందుకే ఈసారి మా చేలో కోతలకి వెడల్పు అంచు టోపీలు తెప్పిస్తున్నా, పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేస్తాం.

మరదలికి మంట తగ్గింది, మచ్చలు మాత్రం ఉన్నాయి. మీ ఇంట్లో ట్యూబుంటే వెనక చిన్నక్షరాలు చూడండి. బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసాల్, వీటిలో ఏ పేరున్నా నాకు కాదు, చర్మం డాక్టరుకి చూపించండి.